క్రిస్మస్ గిఫ్టులు: అసలు ఎవరు ఎవరికి ఇచ్చేవాళ్ళు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమెరికా వచ్చాక డిసెంబరంటేనే టెన్షన్. ఆఫీసులో సీక్రెట్ శాంటా (చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ళకి మన పేరు చెప్పకుండా గిఫ్టివ్వడం), బడిలో టీచరుకి గిఫ్టు, పక్కింటివాళ్ళు తెచ్చిచ్చిన కుకీల డబ్బాకి బదులేమివ్వాలో తెలియదు. మీ బావగారేమో ఇదంతా రోమన్ల పండగ, చర్చి కొట్టేసిందంటారు. మీ ఫ్రెండేమో శాంటాని కోకాకోలా కంపెనీ పుట్టించిందంటాడు. మీ ఏడేళ్ళ అబ్బాయేమో "పుట్టినరోజు జీసస్‌ది అయితే గిఫ్టు నాకెందుకు" అని అడుగుతున్నాడు. ముగ్గురిలోనూ అసలైన ప్రశ్న వేసింది మీవాడే. నేను చాలా ఏళ్ళు డిగ్రీ కాలేజీలో యూరప్ చరిత్ర చెప్పాను, ఇప్పుడు న్యూజెర్సీలో మనవల దగ్గర ఉంటున్నాను, కాబట్టి పుస్తకాల్లో చదివిందీ ఇక్కడ వీధిలో చూస్తున్నదీ కలిపి చెబుతాను. కాస్త పొడుగే అవుతుంది, ఓపిక చేసుకోండి.

ఇది ఏ మతం నుంచి వచ్చింది అని వెతుక్కుంటూ పోతే చివరికి వాదనే మిగులుతుంది. నేనైతే ఎవరు ఎవరికి ఇచ్చేవాళ్ళు అని చూస్తాను. నౌకరు దొరకా, దొర నౌకరుకా, స్నేహితుడు స్నేహితుడికా, తల్లిదండ్రులు పిల్లలకా? రెండువేల ఏళ్ళలో ఈ పండగలో పెద్దగా మారింది ఇదే. ఇప్పుడు మనం చూస్తున్న తీరు, అంటే ఇంట్లో చెట్టు కింద పిల్లల కోసం పేర్చిన గిఫ్టులు, అటూ ఇటూగా రెండువందల ఏళ్ళ నాటిది, అంతే.

ముందు మీ బావగారి సంగతి చూద్దాం. ఆయన చెప్పే రోమన్ల పండగ పేరు సాటర్నేలియా. డిసెంబరు 17న మొదలై, పోనుపోను వారం దాకా సాగేది. కోర్టులు బంద్, బడులు బంద్. మామూలు రోజుల్లో నిషేధమున్న జూదం అప్పుడు బాహాటంగా ఆడుకోవచ్చు. బానిసలు యజమానులతో కలిసి తినేవాళ్ళు, కొన్ని ఇళ్ళల్లో యజమానులే వడ్డించేవాళ్ళు. ఇచ్చిపుచ్చుకునేవి మాత్రం ఎక్కువగా చిన్నాచితకా వస్తువులే: మైనపు కొవ్వొత్తులు, మట్టితో చేసిన చిన్న బొమ్మలు. ఆగస్టస్ చక్రవర్తి కూడా ఈ పండక్కి కానుకలు పంచేవాడు. బుద్ధి పుడితే బట్టలు, వెండి, బంగారం. ఇంకోసారి అదే చేత్తో స్పంజి ముక్కలు, పొయ్యి కెలికే చువ్వలు, పట్టకార్లు ఇచ్చేవాడని ఆయన జీవితచరిత్ర రాసిన సూటోనియస్ చెప్పాడు. ఆఫీసు పార్టీలో జోకు గిఫ్టులు తెచ్చేవాళ్ళకి ఇంతకంటే ఘనమైన పూర్వీకుడు దొరకడు.

ఈ పండగ మీద నాకు బాగా నచ్చిన సాక్ష్యం మార్షియల్ అనే కవిది. 1వ శతాబ్దంలో రోమ్‌లో బతికాడు, నోరు మహా దురుసు. సాటర్నేలియా కానుకలతో పాటు పంపుకోవడానికి వీలుగా రెండేసి పాదాల పద్యాలు రెండు పుస్తకాలకి సరిపడా రాశాడు, ఒకటి తినే వస్తువుల మీద, ఇంకొకటి ఇంట్లో వాడుకునేవాటి మీద. వాటికంటే బాగుండే పద్యం వేరే ఉంది. అంబర్ అనే పెద్దమనిషి పండగ ఐదు రోజుల్లో తనకి వచ్చిన కానుకలన్నీ మూటగట్టించి ఈ కవిగారికి పంపించాడు. కవి ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు: మడతలు పెట్టే రాతపలకలు పన్నెండు, పళ్ళు కుట్టుకునే పుల్లలు ఏడు, ఒక స్పంజి, ఒక తువ్వాలు, ఒక కప్పు, కాసిని చిక్కుడు గింజలు, ఒక బుట్టలో ఆలివ్ కాయలు, ఎండిన అత్తిపళ్ళు, ఇంకా అలాంటివే. అన్నీ కలిపితే ముప్ఫై నాణేలు చెయ్యవు, మోసుకురావడానికి మాత్రం ఎనిమిది మంది భారీ సిరియా బానిసలు! దీనికి బదులు ఐదు పౌన్ల వెండి పంపి ఉంటే ఒక్క కుర్రాడు శ్రమ లేకుండా తెచ్చేవాడు కదా అని ముగించాడు. పేరంటంలో వచ్చిన జాకెట్ ముక్క బీరువాలో కొన్నాళ్ళు పడుకుని, నాలుగిళ్ళు తిరిగి, మళ్ళీ మనింటికే రావడం తెలిసినవాళ్ళకి ఈ అంబర్ పరాయివాడేం కాదు.

అయితే చర్చి సాటర్నేలియాని ఎత్తుకుపోయి క్రిస్మస్ అని పేరు పెట్టిందన్నది అంత సూటిగా నిలబడే మాట కాదు. డిసెంబరు 25న క్రీస్తు జననం జరుపుకున్నట్టు మనకి దొరికే తొలి రుజువు 354లో రోమ్‌లో తయారైన ఒక క్యాలెండరు. అప్పటికి సాటర్నేలియా రోజులు వేరు, ఇది వేరు. పైగా కానుకల విషయానికొస్తే అసలు వారసత్వం నడిచింది జనవరి 1 మీదుగా. కొత్త సంవత్సరం మొదటి రోజున రోమన్లు అత్తిపళ్ళు, తేనె, ఖర్జూరాలు, నాణేలు ఇచ్చుకునేవాళ్ళు. ఏడాదంతా తీపిగా సాగాలని. మన ఉగాది పచ్చడిలో చేదు కూడా ఉంటుంది, వాళ్ళు ఆ రిస్కు తీసుకోలేదనుకోండి. పోనుపోను ఇది తీపి నుంచి డబ్బుకి, ఇరుగుపొరుగు నుంచి పైవాళ్ళకి మళ్ళింది. ఆగస్టస్‌కి జనం తెచ్చిచ్చిన కొత్త సంవత్సరం డబ్బుతో ఆయన దేవతా విగ్రహాలు కొని ఊళ్ళో పెట్టించేవాడు. తర్వాత వచ్చిన చక్రవర్తి కలిగులా ఆ పాటి మొహమాటం కూడా లేకుండా, కానుకలు పుచ్చుకుంటానని ప్రకటించి, జనవరి 1న భవనం గుమ్మం దగ్గర నిలబడి మరీ నాణేలు పట్టుకున్నాడు.

మరి చర్చి ఏం చేసింది? దొంగిలించడం పక్కన పెట్టండి, తిట్టింది. 400వ సంవత్సరంలో, ఇప్పటి టర్కీలో ఉన్న అమాసియాకి బిషప్పు ఆస్టీరియస్ జనవరి కానుకల మీద ఒక ప్రసంగం చేశాడు. ఇప్పుడు చదివినా నిన్న రాసినట్టుంటుంది. దీన్ని పండగంటారు గానీ జేబులు ఖాళీ చేసే తంతు అంటాడు. పిల్లలు వెండి రేకు అంటించిన పళ్ళు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు, ఒకటిచ్చి దానికి రెట్టింపు విలువ పట్టుకుపోతారు, చిన్నప్పుడే లాభాల లెక్క నేర్పిస్తున్నామని బాధపడతాడు. క్రిస్మస్ వ్యాపారమైపోయిందని ఇప్పుడు వాపోయేవాళ్ళకంటే ఈయన పదహారు వందల ఏళ్ళు ముందున్నాడు.

తిట్టినా ఆచారం పోలేదు, మధ్యయుగాలంతా కొనసాగింది. ఇంగ్లండు రాజసభలో కానుకల రోజు డిసెంబరు 25 కాదు, జనవరి 1. ప్రభువులు రాజుకిచ్చేవాళ్ళు, రాజు తిరిగి ఇచ్చేవాడు, ఎవరేమిచ్చారో పద్దు రాసుకునేవాళ్ళు. 1532 కొత్త సంవత్సరానికి ఎనిమిదో హెన్రీ తన భార్య కేథరిన్ పంపిన బంగారు కప్పుని వెనక్కి పంపించేశాడు, తర్వాత తాను పెళ్ళాడబోయే ఆన్ బొలీన్ ఇచ్చిన పందివేట ఈటెల్ని మాత్రం పుచ్చుకున్నాడు. ఆ పెళ్ళి సంగతి ఏం కాబోతోందో దర్బారులో అందరికీ అప్పుడే అర్థమై ఉంటుంది. ఫ్రాన్సులో జనవరి 1 కానుకల ఆచారం ఇప్పటికీ ఉంది. ఏడాది చివర్లో పోస్ట్‌మ్యాన్ క్యాలెండరు పట్టుకుని తలుపు కొడతాడు, తోచింది చేతిలో పెడతారు.

బైబిల్లో కానుకలు లేవా అంటే ఉన్నాయి. తూర్పు దేశపు జ్ఞానులు శిశువుకి తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళం, మత్తయి సువార్తలో. వాళ్ళు ముగ్గురని మత్తయి చెప్పలేదు, మూడు కానుకలున్నాయి కాబట్టి మనుషులూ ముగ్గురని తర్వాతివాళ్ళు లెక్క వేసుకున్నారు. స్పెయిన్‌లో పిల్లలకి గిఫ్టులు తెచ్చేది ఈ రాజులే, జనవరి 6న. మీవాడి ప్రశ్నకి దగ్గరగా వచ్చే కథ ఇదే, కానీ ఇందులో ఇచ్చేది పెద్దవాళ్ళు, పుచ్చుకునేది ఆ పుట్టిన బాబు. మీవాడికి గిఫ్టు ఎలా వచ్చిందో దీన్నిబట్టి తేలదు. దానికి ఇంకో బిషప్పు దగ్గరికి వెళ్ళాలి.

ఆయన నికోలస్, ఇప్పటి శాంటాకి మూలపురుషుడు, 4వ శతాబ్దంలో మైరా బిషప్పు. ఇప్పుడది టర్కీలో దెమ్రే అనే ఊరు. చరిత్రగా ఆయన గురించి రూఢిగా తెలిసింది తక్కువ, కథ మాత్రం గట్టిది. ఒకాయన చితికిపోయాడు, ముగ్గురు కూతుళ్ళు, కట్నం ఇవ్వలేడు, వాళ్ళని అమ్ముకునే స్థితికి వచ్చాడు. నికోలస్ రాత్రిపూట కిటికీలోంచి బంగారం మూట లోపలికి విసిరి వెళ్ళిపోయాడు. పెద్దమ్మాయి పెళ్ళయింది. మళ్ళీ ఒక రాత్రి ఇంకో మూట, రెండో అమ్మాయి పెళ్ళయింది. మూడోసారి తండ్రి మేలుకుని కాపు కాసి, వెంటపడి పట్టుకుని కాళ్ళ మీద పడితే, నేను బతికున్నంత కాలం ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడట. కట్నం బాధ తెలిసిన మనకి ఈ కథ వివరించక్కర్లేదు. నేను గమనించమనేది ఒక్కటే, ఇచ్చినవాడు కనపడకూడదు. 1087లో ఇటలీ నావికులు ఆయన అస్థికల్ని బారి నగరానికి తీసుకుపోయారు, పడమటి యూరప్‌లో భక్తులు పెరిగారు. ఆయన పండగ డిసెంబరు 6. నెదర్లాండ్స్‌లో ఇప్పటికీ డిసెంబరు 5 సాయంత్రమే అసలు సందడి. పిల్లలు బూటు పెట్టి, అందులో ఆయన గుర్రం కోసం క్యారెట్టో గడ్డో ఉంచుతారు, పొద్దున్నకి మిఠాయి ఉంటుంది. పెద్దవాళ్ళు కూడా పేరు పెట్టకుండా, ఎగతాళి పద్యం జోడించి గిఫ్టులిచ్చుకుంటారు. స్వీడన్‌లో పాతరోజుల్లో తలుపు దబదబా బాది, గిఫ్టు లోపలికి విసిరి, ఎవరో తెలిసేలోపు పరుగెత్తేవాళ్ళు. మీ ఆఫీసు సీక్రెట్ శాంటా ఈ ఆచారాలకి చుట్టమే.

ఇంతవరకూ ఒక పాయ. రెండోది వీధిలోది, కొంచెం మోటుది. చలిదేశాల్లో డిసెంబరు నాటికి పంట ఇంటికి చేరుతుంది, కొత్త బీరు సిద్ధమవుతుంది, చలికాలమంతా మేపలేని పశువుల్ని కోసేస్తారు కాబట్టి ఏడాదిలో తాజా మాంసం దండిగా దొరికే రోజులు అవే. పొలంలో పని ఉండదు. చేతిలో తిండి, నెత్తిన పని లేకపోవడం, రెండూ కలిస్తే జరిగేదే జరిగింది. పాలేర్లు, కుర్రకారు గుంపులుగా భూస్వాముల ఇళ్ళకి వెళ్ళి, పాటలు పాడి, మంచి తిండీ మంచి సారా పెట్టమని అడిగేవాళ్ళు. అడగడమంటే బతిమాలడం కాదు, పెట్టేదాకా కదలరు, పెట్టకపోతే తిట్లు, ఒక్కోసారి విధ్వంసం. మనకి ధనుర్మాసంలో హరిదాసులూ గంగిరెద్దులవాళ్ళూ వచ్చేది కూడా గాదెలు నిండే కాలంలోనే, అయితే వీళ్ళది దీవెన, వాళ్ళది కాస్త దబాయింపు. ప్యూరిటన్లకి, అంటే మహా నిష్ఠాపరులైన ప్రొటెస్టెంట్లకి, క్రిస్మస్ మీద కోపం రావడానికి ఈ తాగుడూ అల్లరీ ఒక కారణం, బైబిల్లో ఆ తేదీ లేకపోవడం ఇంకో కారణం. 1647లో ఇంగ్లండు పార్లమెంటు పండగనే రద్దు చేసింది. మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా. ఇవాళ అదే రాష్ట్రంలో మాల్స్ ఎలా ఉంటాయో చూస్తే నవ్వొస్తుంది.

ఇదే పాయలో కాస్త పద్ధతైన రూపం డబ్బా. పనివాళ్ళు, అప్రెంటిస్ కుర్రాళ్ళు ఒక మట్టి డబ్బా పెట్టుకునేవాళ్ళు, ఖాతాదారులు వేసిన చిల్లర పండక్కి పగలగొట్టి పంచుకునేవాళ్ళు. లండన్‌లో శామ్యూల్ పెపీస్ అనే ఉద్యోగి తన డైరీలో 1663 డిసెంబరు 19న రాసుకున్నాడు: చెప్పులు కుట్టేవాడి దగ్గరికెళ్ళి బాకీ అంతా తీర్చి, కుర్రాళ్ళ క్రిస్మస్ డబ్బాలో ఏదో వేశానని. డిసెంబరు 26కి బాక్సింగ్ డే అన్న పేరు ఈ డబ్బాల నుంచి వచ్చిందనే ఎక్కువమంది చెబుతారు. మన దసరా మామూళ్ళు గుర్తొస్తున్నాయి కదూ.

మరి కింది నుంచి పైకి వెళ్ళే కానుక? దానికి మనవాళ్ళే సాక్ష్యం. బ్రిటిషు కాలంలో క్రిస్మస్‌కీ జనవరి 1కీ జమీందార్లు, కంట్రాక్టర్లు, కింది ఉద్యోగులు దొరల బంగళాలకి పళ్ళూ పూలూ మిఠాయిలూ పళ్ళేల్లో పెట్టి పంపేవాళ్ళు. ఉత్తరాదిలో దాన్ని డాలీ అనేవాళ్ళు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు కానుకలు పుచ్చుకోకూడదని 1773 చట్టమే చెప్పింది. తర్వాత వచ్చిన ప్రభుత్వోద్యోగుల నియమాల్లో పళ్ళు, పూలు లాంటి తక్కువ ఖరీదువాటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కానుక చాలామట్టుకు నిమ్మకాయే. జనవరి 1న గుమాస్తా మొదలు తహసీల్దారు దాకా నిమ్మకాయ పట్టుకుని పై అధికారి వరండాలో వరసలో నిలబడటం, చేతిలో పెట్టి నమస్కారం చేసి రావడం. కాయ ఖరీదు ఏముంటుంది గానీ, వరసలో ఎవరు ముందు, ఎవరు రాలేదు అన్నది మాత్రం అందరికీ గుర్తుండేది. ఇప్పుడు నిమ్మకాయ పోయి బొకే వచ్చింది. ఈమధ్య కొందరు కలెక్టర్లు బొకేలొద్దు, పిల్లలకి నోటు పుస్తకాలో దుప్పట్లో తెండి అంటున్నారు. మంచిదే, వరస మాత్రం అలాగే ఉంది.

ఇక అసలు మలుపు. 19వ శతాబ్దం మొదట్లో న్యూయార్క్ బాగా పెరుగుతోంది. చలికాలం పనుల్లేని కుర్రకారు గుంపులు డిసెంబరు చివర్లో డప్పులు, బూరలు, తుపాకులతో వీధులెక్కేవాళ్ళు. పల్లెలో భూస్వామికి తన పాలేరు పేరు తెలుసు, పెట్టి పంపించేస్తాడు. నగరంలో తలుపు కొట్టేది ఎవరో తెలియదు. కలిగినవాళ్ళకి భయం పట్టుకుంది. ఆ వర్గానికి చెందిన కొందరు, జాన్ పింటార్డ్, వాషింగ్టన్ ఇర్వింగ్ లాంటివాళ్ళు, పాత డచ్చి ఆచారమని చెప్పి నికోలస్‌ని ముందుకు తెచ్చారు. 1823 డిసెంబరు 23న ట్రాయ్ అనే ఊరి పత్రికలో రచయిత పేరు లేకుండా ఒక పద్యం పడింది. క్లెమెంట్ మూర్ రాసిందని తర్వాత తేలింది, కాదనేవాళ్ళూ ఉన్నారు. అందులో నికోలస్ బిషప్పు వేషం తీసేశాడు, పొట్ట పెంచుకున్నాడు, ఎనిమిది రెయిన్‌డీర్లు లాగే బండెక్కి, డిసెంబరు 5న కాకుండా క్రిస్మస్ ముందు రాత్రి పొగగొట్టంలోంచి దిగాడు. పాతరోజుల్లో ఆ రాత్రి ఇంటికొచ్చే పరాయి మనిషి అడిగేవాడు. ఈయన అడగడు, ఇచ్చి వెళ్ళిపోతాడు. మెల్లగా పండగ వీధిలోంచి ఇంట్లోకి వచ్చింది, పైవాడు పేదవాడికి పెట్టే చోట తల్లిదండ్రులు పిల్లలకి పెట్టడం మొదలైంది. చరిత్రకారుడు స్టీఫెన్ నిస్సెన్‌బామ్ ఈ వాదనని వివరంగా నిలబెట్టాడు, నాకూ అదే సరైనదనిపిస్తుంది. ఒక మాట మాత్రం బాధగానే అనుకోవాలి, తలుపు దగ్గర నిలబడ్డ పేదవాడు ఈ మార్పులో లెక్కలోంచి జారిపోయాడు. అతని వాటా విరాళాల చెక్కుల్లోకి వెళ్ళింది.

కోకాకోలా సంగతి చిన్నదే. థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు 1863 నుంచి హార్పర్స్ వీక్లీ అనే పత్రికలో శాంటాని గీస్తూ వచ్చాడు, లావుపాటి, గడ్డపు, నవ్వే ముసలాయన 1881 నాటికే తయారు. ఎర్రబట్టలు కూడా అప్పటికే అలవాటైనవి. కోకాకోలా కోసం హాడన్ సండ్‌బ్లోమ్ బొమ్మలు వేయడం మొదలుపెట్టింది 1931లో. పుట్టించలేదు, ఆ రూపాన్ని ప్రపంచమంతా అంటించింది. శాంటా మీద చర్చివాళ్ళందరికీ ప్రేమేం లేదు కూడా: 1951 డిసెంబరు 23న ఫ్రాన్సులోని దిజాన్‌లో మతపెద్దల ఆమోదంతో ఆయన దిష్టిబొమ్మని కెథడ్రల్ ముందు పిల్లల కళ్ళెదుటే తగలబెట్టారు.

మతం తీసేసినా ఈ పండగ బతకగలదని రష్యా చూపించింది. సోవియట్లు మొదట క్రిస్మస్ చెట్టుని దూరం పెట్టారు. 1935 డిసెంబరు 28న పావెల్ పోస్టిషెవ్ అనే నాయకుడు పార్టీ పత్రిక ప్రావ్దాలో ఉత్తరం రాసి, పిల్లలకి చెట్టు సరదా ఎందుకు లేకుండా చెయ్యాలి అన్నాడు. అది కొత్త సంవత్సరం చెట్టుగా తిరిగొచ్చింది. చలితాత, ఆయన మనవరాలు మంచుపిల్ల గిఫ్టులు పంచుతారు, దేవుడి ప్రసక్తే లేదు.

అమెరికాలో దుకాణాలు ఈ కొత్త పండగని గట్టిగా పట్టుకున్నాయి. అంగడిలో కొన్న వస్తువు కానుకలా కనిపించాలంటే ధర, షాపు కనపడకూడదు, అందుకు కాగితం చుట్టాలి. తెల్ల టిష్యూ చుట్టేవాళ్ళు. 1917 డిసెంబరులో కాన్సస్ సిటీలో హాల్ సోదరుల దుకాణంలో టిష్యూ అయిపోతే, కవర్ల లోపల అతికించే ఫ్రెంచి రంగుకాగితాల్ని షీటు పది సెంట్లకి అమ్మకానికి పెట్టారు, ఎగబడి కొన్నారు. ఇప్పుడు గ్రీటింగ్ కార్డులమ్మే హాల్‌మార్క్ కంపెనీ వాళ్ళదే. "షాపింగ్ త్వరగా ముగించండి" అన్న నినాదం మొదట కొనుగోలుదార్ల ఉద్యమం వాళ్ళు ఎత్తుకున్నది, డిసెంబరులో అర్ధరాత్రి దాకా నిలబడి పనిచేసే షాపు అమ్మాయిల మీద జాలితో. తర్వాత వ్యాపారులు దాన్నే అమ్మకాలకి వాడుకున్నారు. ఆ అమ్మాయిలకి ఇంకో బాధ ఉండేది, తమ జీతంలోంచి చందాలు వేసుకుని సూపర్‌వైజర్లకి క్రిస్మస్ గిఫ్టు కొనాలి. మన నిమ్మకాయల వరస లాంటిదే, ఖర్చు మాత్రం ఎక్కువ. 1912లో న్యూయార్క్‌లో పనికిరాని కానుకల నివారణ సంఘం అని ఒకటి పెట్టి ఈ చందాల మీద పోరాడారు, మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా సభ్యుడిగా చేరాడు.

1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త యేల్ యూనివర్సిటీ విద్యార్థుల్ని అడిగి లెక్క తీశాడు: మీకొచ్చిన గిఫ్టులకి మీరైతే ఎంత పెడతారు అని. కొన్న ధరలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా గాలికి పోతోందని తేలింది. లెక్క సరైనదే, ప్రశ్న మాత్రం సగమే. కానుక పని వస్తువుని చేర్చడం ఒక్కటే అయితే నగదు ఇస్తే సరిపోయేది. 1925లో ఫ్రెంచి పండితుడు మార్సెల్ మౌస్ చెప్పినదాని ప్రకారం కానుకలో మూడు బాధ్యతలుంటాయి: ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగి ఇవ్వాలి. ఇది మనకి ఫ్రెంచివాళ్ళు చెప్పాలా? పెళ్ళిలో చదివింపుల పుస్తకం పట్టుకుని ఒక మేనమామ కూర్చుంటాడు, ఫలానా ఊరు, ఫలానా వారు, 516 రూపాయలు. ఏళ్ళ తర్వాత వాళ్ళింట్లో శుభకార్యం వస్తే ఆ పుస్తకం తీసి చూసుకుని, దానికి కాస్త చేర్చి చదివిస్తాం. సరిగ్గా అంతే ఇస్తే లెక్క ముగించినట్టు, తక్కువిస్తే తగువు. ఆ కొసరు ఉన్నంతకాలం రాకపోకలుంటాయి.

ఇప్పుడు మీవాడి ప్రశ్నకి రండి. ఏడేళ్ళ పిల్లాడు తిరిగి ఇవ్వలేడు. తల్లిదండ్రులకి బాకీ పడితే ఆ బాకీ ఎలా తీర్చాలి? ఇచ్చింది ఊరూ పేరూ లేని తాతగారైతే బాకీయే లేదు. శాంటా చేసే పని నా దృష్టిలో ఇదే, కిటికీలోంచి మూట విసిరిన నికోలస్ చేసిందీ ఇదే. 1979లో సామాజికవేత్త థియొడోర్ క్యాప్లో ఇండియానాలోని మన్సీ అనే ఊళ్ళో జనాన్ని అడిగి క్రిస్మస్ గిఫ్టుల లెక్క తీస్తే, పెద్దల నుంచి పిల్లలకి పోయేది కొండంత, తిరిగొచ్చేది గోరంత, దాని గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు. కాబట్టి మీవాడితో నేనైతే ఇలా అంటాను: పుట్టినరోజు ఆయనదే, కానీ ఈ పండగలో చిన్నవాళ్ళకి తిరిగి ఇచ్చే పని లేకుండా ఇవ్వడం పెద్దవాళ్ళకి సరదా. అంతకుమించి వేదాంతం ఆ వయసులో అక్కర్లేదు. శాంటా ఉన్నాడా లేడా అన్నది మాత్రం క్లాసులో మిగతా పిల్లల దగ్గర పైకి అనొద్దని చెప్పండి, ఆ తల్లుల ఫోన్లు మీకే వస్తాయి.

మిగతావి కూడా ఇదే లెక్కన తేల్చుకోండి. పక్కింటి కుకీలు సమానుల మధ్య కానుక, కాబట్టి తిరిగి ఇవ్వాలి, కానీ అదే వారం అదే ఖరీదులో ఇస్తే బిల్లు కట్టినట్టుంటుంది. సంక్రాంతికి అరిసెలో జంతికలో చేసి అదే డబ్బాలో పెట్టి పంపండి, మూడు వారాలు ఆగినా ఏం కాదు. గింజలు పడని పిల్లలుంటారు కాబట్టి నువ్వులున్నాయో లేదో చీటీ మీద రాయండి. సీక్రెట్ శాంటాలో పెట్టిన పరిమితి దాటకండి, ఎక్కువ పెట్టి మంచిపేరు తెచ్చుకుందామనుకుంటే అవతలి మనిషి ఇబ్బంది పడతాడు. మేనేజరుకి విడిగా గిఫ్టు వద్దు. అమెరికా ఫెడరల్ ఉద్యోగుల నియమాల్లో కింది ఉద్యోగి పై అధికారికి పండగ లాంటి సందర్భాల్లో ఇచ్చేది పది డాలర్లు దాటకూడదని ఉంది, ప్రైవేటు కంపెనీలో మీకది వర్తించదు గానీ కొలతగా బాగానే పనికొస్తుంది.

పోస్ట్‌మ్యాన్‌కి తప్పకుండా ఇవ్వండి, మంచులో వర్షంలో ఏడాదంతా తిరిగే మనిషి. ఒక సందర్భానికి ఇరవై డాలర్ల లోపు వస్తువు పుచ్చుకోవచ్చు, నగదు మాత్రం వాళ్ళ రూల్స్ ఒప్పుకోవు. నోటు చేతిలో పెట్టి వాళ్ళని ఇరకాటంలో పెట్టకండి, ఒక థర్మాస్ ఫ్లాస్కో గ్లవ్సో చాలు. టీచరు విషయంలో మీ స్కూలు డిస్ట్రిక్టు ఏమంటుందో ముందు చూసుకోండి, రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. మసాచుసెట్స్‌లో ఒక్కరే ఇస్తే యాభై డాలర్ల లోపు ఉండాలి, క్లాసు తల్లిదండ్రులంతా కలిసి ఇస్తే 150 డాలర్ల దాకా, అదీ ఎవరు ఎంత వేశారో, అసలెవరు వేశారో టీచరుకి తెలియకుండా. మీ క్లాసులో అలా చందా కలిపే తల్లి ఎవరైనా ఉంటే ఆవిడకే ఇచ్చేయండి, విడిగా కార్డు మీద మీవాడి చేత రెండు ముక్కలు రాయించండి.